వాన ప్రార్థనకు మంచి రోజు

జూలై 23, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘ పెద్దల మీటింగు మా వరండాలోనే జరిగింది. ఒకసారి టీ ఇవ్వడానికి, ఒకసారి ఖాళీ గ్లాసుల కోసం, ఒకసారి ఊరికే వెళ్లాను కాబట్టి అంతా విన్నాను.

వాన లేదు. పత్తి మొలకలు తలలు వేలాడేశాయి. కంది విత్తనాలు ఇంకా సంచుల్లోనే ఉన్నాయి. ఇది పాస్టరు తప్పని, అంటే మా ఆయన తప్పని, పెద్దలెవరూ అనలేదు. అలాగని ఇంకెవరి తప్పనీ అనలేదు.

దాసన్న అందరిలోకీ పెద్ద. కొంచెం మెట్ట భూమి ఉంది, మాట మెత్తన. "పోయినేడు వాన కోసరం ప్రార్థన కూడిక పెట్టినాము, రాల్యా. అంతకు ముందేడు పెట్టినాము, రాల్యా. పాతయ్యగారు ఉండేటప్పుడు సంఘమంతా చేన్లో మోకాళ్లు ఆనించేలోపల చినుకు పడ్తాండె. నేనేమీ అంటల్యా యేసుప్రసాదయ్యగారూ, ఉండే మాట చెప్తాండా" అన్నాడు. తర్వాత ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు. ఈసారి కూడా కూడిక పెట్టి వాన రాకపోతే, పాస్టర్లను పంపే డయాసిస్‌ను వేరే అయ్యగారి కోసం అడుగుదామని మిగతా పెద్దలు అనుకుంటున్నారనీ, తనకు మాత్రం అది ఇష్టం లేదనీ చెప్పాడు. మిగతా పెద్దలు అక్కడే కూర్చుని ఉన్నారు. తమకు కూడా ఇష్టం లేదన్నట్టే తలలూపారు.

మా ఆయన అంతా విని "చూద్దాం" అన్నారు. ఇదివరకైతే "ప్రభువు చూస్తాడు" అనేవారు.

భోజనానికి ముందు ప్రార్థన చేయలేదు. మీటింగు ఆలస్యమైంది కదా, ఆకలేసి ఉంటుంది.

జూలై 25

కడప నుంచి నాగజ్యోతి ఫోను. నా పుస్తకం అచ్చు వేస్తున్నది ఆవిడే. "జీవితా మేడమ్, 'వాతావరణ శాస్త్ర చరిత్ర' అని అట్ట గూడ వేయించి పెట్టినా. లోపల కాగితాలు యాడివి?" అంది. పదిహేడో శతాబ్దంలో ఉన్నానని చెప్పాను. ఆగస్టు ఆఖరుకల్లా ఇరవై ఒకటికి రమ్మంది.

బనగానపల్లె కాలేజీలో ఫిజిక్స్ క్లాసులు అయ్యాక బస్సులో కూర్చుని టారిచెల్లీ గురించి రాసుకున్నాను. ఒక గాజు గొట్టంలో పాదరసం పోసి తలకిందులు చేసి, గాలికి బరువుందని చూపించాడు. అప్పటిదాకా అందరూ ఆ బరువును మోస్తూనే ఉన్నారు, మోస్తున్నట్టు తెలియదు. ఈ వాక్యం బాగుందనిపించి మళ్లీ చదువుకున్నాను. తర్వాత కొట్టేశాను. ఇది బడి పిల్లల పుస్తకం.

గాలి సంగతి నేను చూసుకుంటాను, దేవుడి సంగతి మా ఆయన చూసుకుంటారు. పెళ్లి మాటలప్పుడే చెప్పేశాను, నాకు నమ్మకం లేదని. మా నాన్న కూడా చర్చి మనిషే, నాకెందుకు రాలేదో తెలియదని. ఆయన కాసేపు ఆలోచించి, "నాకుందిలే, ఇద్దరికీ సరిపోతాది" అన్నారు. ఇన్నేళ్లూ సరిపోయింది.

జూలై 27

ప్రార్థన లేదు. పప్పు చల్లారిపోతుందని అయి ఉంటుంది. పప్పు పొగలు కక్కుతోంది, అది వేరే విషయం.

జూలై 30, ఆదివారం

చర్చి బయట చెప్పుల దగ్గర దాసన్న నన్ను పట్టుకున్నాడు.

"అమ్మగారూ, మీ ఫోన్లో వాన ఎప్పుడొస్తాదో చూపిస్తాది గదా?"

"మీ ఫోన్లో కూడా చూపిస్తుంది దాసన్నా."

"మాది చూపిస్తాది. మాకు దాని మింద నమ్మకం ల్యా. మీరు చదువుకున్నోళ్లు, వాన పుస్తకం రాస్తాండారు. మీరు చూసి, ఫలానా పొద్దు వస్తాదని చెప్పినారనుకో, కూడిక ఆ పొద్దుకే పెట్టుకుంటాము."

"వస్తుందని తెలిశాక ప్రార్థన ఎందుకు?"

దాసన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ప్రార్థన చెయ్యకుంటే వాన ఎట్లొస్తాదమ్మా?"

ఇందులో తప్పు ఎక్కడుందో సాయంత్రం దాకా వెతికాను. దొరికింది గానీ దాసన్నకు చెప్పగలిగేటట్టు దొరకలేదు. అయ్యగారికి తెలిస్తే బాధపడతారని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. ఆ మాట నిజమే. ఆయన పాస్టరు, పంచాంగం చూసి పెళ్లి పెట్టుకునే వాళ్లనే మెత్తగా మందలించే మనిషి. వాతావరణ సూచన చూసి ప్రార్థన పెట్టుకుందామంటే ఒప్పుకుంటారా?

ఆగస్టు 1

ప్రార్థన లేదు. ఫోను మోగింది, లేకపోతే చేసేవారే. ఫోను భోజనం అయ్యాక మోగింది.

ఆగస్టు 4

బస్టాపులో నరసింహ మోటార్ సైకిల్ ఆపాడు. ఊళ్లో పెద్ద రైతు, మామిడి తోట ఆయనదే. ఏదో పిల్లాడి ఇంటర్ సీటు గురించి అడుగుతాడనుకున్నాను.

"టీచరమ్మా, మేము వాన కోసరం కప్పల ఊరేగింపు పెట్టుకోవల్లనుకుంటాండాము. ఏ పొద్దయితే బాగుంటాదో మీరు చెప్పల్ల."

"పంచాంగం చూడలేదా?"

"పంచాంగం మంచి రోజు చూపిస్తాది టీచరమ్మా, వాన చూపీదు. దాసన్న చెప్పినాడు, మీ దగ్గర లెక్క ఉండాదంట."

నేను రాస్తున్నది వాతావరణ శాస్త్ర చరిత్ర మాత్రమేనని, అంటే అయిపోయిన వానల గురించి అని వివరించాను. ఆయన మర్యాదగా విన్నాడు. "అయితే ఒక పొద్దు చెప్పండి" అన్నాడు. తర్వాత తన కష్టం చెప్పుకున్నాడు. ఊరేగించడానికి ఊళ్లో కప్ప లేదు. వానలు లేక అన్నీ యాడనో పోయినాయి. కుందూ నది ఒడ్డుకు బకెట్ ఇచ్చి మనిషిని పంపించారట.

ఆగస్టు 6, ఆదివారం

ప్రసంగం బాగుంది. మూడేళ్ల కిందట చెప్పినప్పుడు కూడా బాగుంది. అదే ప్రసంగం. అదే చోట దగ్గారు, అదే చోట హాస్యం వచ్చింది, స్త్రీల సమాజం విశ్వాసమ్మ అదే చోట నవ్వింది. నేను రెండో వరసలో నా చోట్లో కూర్చుని, మొదటిసారి వింటున్నట్టు నవ్వాను.

పాస్టర్లకు పని ఎక్కువ. ఎప్పుడన్నా పాతది వాడుకుంటే తప్పేముంది?

ఆగస్టు 7

ఫిట్జ్‌రాయ్ అధ్యాయం. ఓడ కెప్టెన్. తీరం వెంట తంతి తీగలు వేసుకుని, తుఫాను వస్తోందని రేవులకు ముందే చెప్పే ఏర్పాటు చేశాడు. పత్రికల్లో రేపటి వాతావరణం వేయించిన మొదటివాడు కూడా ఈయనే. ఇవి ప్రవచనాలు కాదు బాబూ, అంచనాలు అని ఆ పనికి కొత్త పేరే పెట్టాడు. జనం మాత్రం ప్రవచనాలుగానే చదివారు. నిజమైతే మామూలే అన్నారు, తప్పితే నవ్వారు. పత్రికలు నవ్వాయి, పార్లమెంటులో నవ్వారు.

చివరికి ఒక ఆదివారం ఉదయం లేచి, లోపల గది తలుపు గడియ పెట్టుకుని, తన చేత్తోనే ప్రాణం తీసుకున్నాడు. ఈ పేరా రాసి తీసేశాను. పిల్లల పుస్తకం కదా.

పెరట్లోకి వెళ్లి చూశాను. మా ఆయన కరివేపాకు చెట్టుకు నీళ్లు పోస్తున్నారు. ఏమిటన్నారు. ఏం లేదన్నాను.

ఆగస్టు 9

సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. తనూ ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టారు. సరిగా రాలేదు, విప్పి మళ్లీ పెట్టారు.

"జీవితా, వచ్చే వారంలో వాన ఏమన్నా ఉండాదా?"

"ఎందుకు?"

"కూడికకు తేదీ పెట్టల్ల గదా."

"దాసన్న అడిగితే చెప్పనన్నాను, మీరు బాధపడతారని" అన్నాను.

"చెప్పినాడు దాసన్న. అందుకే నేనే అడుగుతాండా."

నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ముందు అర్థం కాలేదు. నమ్మకం లేని మనిషిని నేను. పాస్టరు వాతావరణ సూచన చూసుకుని ప్రార్థన చేస్తానంటే నేను సంతోషించాలి, ఒకరకంగా ఇది మా శాస్త్రం గెలిచినట్టు. సంతోషం రాలేదు. భయం వచ్చింది. రోజూ చెయ్యి పెట్టి గ్లాసుతో ముంచుకునే బియ్యం డబ్బాలో ఒకరోజు గ్లాసు అడుక్కి తగిలి టంగుమన్నట్టు అనిపించింది.

మీకు నమ్మకం పోయిందా అని అడగాలనుకున్నాను. "చూసి చెబుతాను" అన్నాను.

ఆగస్టు 10

ఫోన్లో వచ్చే గురువారం మీద నల్ల మబ్బు బొమ్మ, కింద చినుకులు. మధ్యాహ్నం నుంచి. తొంభై శాతం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాను, బొమ్మ మారలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో కూడా చెప్పారు.

"పదిహేడు" అన్నాను.

"పదిహేడు" అన్నారు. గోడ క్యాలెండర్లో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టారు. పెన్ను బాగా ఒత్తి చుట్టారు, వెనక నెలకు కూడా అచ్చు పడింది.

ప్రార్థన లేదు. ఈ రోజు కారణం ఏం రాయాలో తోచలేదు.

ఆగస్టు 11

మన దేశపు అధ్యాయం. తూర్పు తీరాన పెద్ద తుఫాను, తర్వాత కరువులు, ఇక లాభం లేదని 1875లో వాతావరణ శాఖ పెట్టారు. బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన మొదటి అధికారి. శాఖ పెట్టిన మరుసటి ఏడాదే ఇక్కడ, ఈ నేల మీదే, మహా కరువు. జనం పిట్టల్లా రాలిపోయారు. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే వానలు తగ్గుతాయని బ్లాన్‌ఫర్డ్ కనిపెట్టాడు, కొన్నేళ్లు లెక్క సరిపోయింది. ఆయన తర్వాత వచ్చిన ఎలియట్ 1899లో వానలు బాగుంటాయని ధైర్యంగా చెప్పాడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మళ్లీ కరువు. వాకర్ అని ఒక గణిత పండితుణ్ని పిలిపించారు. ఆయనకు వాతావరణం గురించి ఏమీ తెలియదు, అదే అర్హత అనుకున్నట్టున్నారు. ఆయన ప్రపంచంలోని గాలుల లెక్కలన్నీ గుమాస్తాల చేత వేయించి, ఎక్కడో పసిఫిక్ సముద్రం మీద పీడనం అటూ ఇటూ ఊగితే మన వాన మారుతుందని తేల్చాడు. ఎందుకు ఊగుతుందో, ఎప్పుడు ఊగుతుందో మాత్రం చెప్పలేకపోయాడు.

ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడితే నా ఫోన్లో ఒక మబ్బు బొమ్మ వచ్చింది. దాన్ని నేను మా ఆయనకు ఇచ్చాను.

నరసింహకు కూడా పదిహేడే చెప్పాను. శాస్త్రం అందరిదీ కదా. ఒకరికి చెప్పి ఒకరికి దాచడం పద్ధతి కాదు.

ఆగస్టు 13, ఆదివారం

కూడిక తేదీ చర్చిలో ప్రకటించారు. గురువారం, దాసన్న పత్తిచేలో, అందరూ ఉపవాసంతో రావాలి.

"గురువారమే ఎందుకు పెట్టినారు?" అని విశ్వాసమ్మ అడిగింది.

"పైనుంచి సూచన వచ్చినాదిలేమ్మా" అన్నాడు దాసన్న, నా వైపు చూస్తూ. ఇంతవరకు నన్నెవరూ అలా పిలవలేదు.

ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. అక్కడ సర్దడానికి ఒకటే కాగితం ఉంది.

ఆగస్టు 15

కాలేజీలో జెండా. ఎండ మండిపోతోంది, ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు. ఫోన్లో గురువారం బొమ్మ అలాగే ఉంది. తొంభై అయిదు అయింది.

రిచర్డ్‌సన్ అధ్యాయం. దైవభక్తి ఉన్న మనిషి. యుద్ధం చేయనని చెప్పి, గాయపడ్డవాళ్లను మోసే అంబులెన్సు నడిపాడు. ఆ ఫిరంగుల మోతలో, గడ్డివాము మీద కూర్చుని, ఆరంటే ఆరు గంటల కాలపు వాతావరణాన్ని లెక్క కట్టడానికి వారాల తరబడి కష్టపడ్డాడు. మధ్యలో కాగితాలు పోయాయి, నెలల తర్వాత ఒక బొగ్గుల కుప్ప కింద దొరికాయి. అంతా అయ్యాక చూస్తే జవాబు ఘోరంగా తప్పు. భూమ్మీద ఎక్కడా రాని పీడనం వచ్చింది. అయినా ఆ తప్పును తప్పుగానే, ఒక్క అంకె దాచకుండా అచ్చు వేయించాడు. నా బుర్రకు ఇది అందలేదు. నేనైతే బొగ్గుల కింద వదిలేసేదాన్ని.

మా ఆయన రిచర్డ్‌సన్ పేజీలు చదివి, "ఈయన తర్వాత చర్చికి పోయినాడా?" అని అడిగారు. తెలియదన్నాను. తెలుసుకోమన్నారు.

ఆగస్టు 17, గురువారం

మొదటి నుంచి రాయాలి, లేకపోతే తర్వాత నాకే నమ్మబుద్ధి కాదు.

పొద్దున తెల్లటి ఎండ. పదకొండు దాటాక ఉత్తరం వైపు నుంచి మబ్బు లేచింది. దాన్నేదో నేనే పైకి ఎక్కించి తెస్తున్నట్టు అనిపించింది. మేం చర్చి నుంచి పాటలు పాడుకుంటూ బయల్దేరాం. చేల దారి మొదట్లో అటువైపు నుంచి పలక డప్పుల మోతతో నరసింహ వాళ్లు ఎదురయ్యారు. ముందు ఒకావిడ నెత్తి మీద చేట, చేటలో వేపమండల మధ్య కుందూ నుంచి తెచ్చిన కప్ప. దారి ఒకటే, బండి పట్టేంత. రెండు ఊరేగింపులూ ఆగాయి.

"మీరు ముందు పొండి అయ్యగారూ" అన్నాడు నరసింహ. "మా కప్పకు తొందర ల్యా."

మా ఆయన చేతులు జోడించి ముందు నడిచారు.

చేలో కూర్చునేసరికి ఆకాశం సగం నల్లబడింది. చల్లగాలి మొదలైంది. పత్తి ఆకులు కదిలాయి. ఎక్కడో తడిసిన మట్టి వాసన కూడా వచ్చింది. దాసన్న ఆయన పక్కకు చేరి, అందరికీ వినిపించే గుసగుసతో, "అయ్యగారూ, బిన్నా మొదలుపెట్టండి. మనం అడక్కముందే పడేట్టుండాది" అన్నాడు. అతని కంగారు నాకు అర్థమైంది. అడగక ముందే పడితే ఆ వాన మన ఖాతాలోకి రాదు, కప్ప ఖాతాలోకి పోవచ్చు.

ఆయన లేచి నిలబడ్డారు. చేతులు సగం ఎత్తారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు.

అందరం తలలు వంచుకుని ఉన్నాం. ఎంతసేపటికీ మాట రాకపోతే విశ్వాసమ్మ కీర్తన అందుకుంది. అందరూ కలిశారు. పాట అయిపోయింది, ఆయన ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. విశ్వాసమ్మ అదే పాట మళ్లీ మొదలుపెట్టింది. నేను ఒక కన్ను తెరిచి ఆకాశం చూశాను. మబ్బు అంచున వెలుగు గీత. మబ్బు మా మీద నుంచి జరుగుతోంది. కడప దిక్కుకు, ఆలస్యమైపోయిన బస్సులా, ఆగకుండా. రెండోసారి పాట అయ్యేసరికి ఎండ మా మోకాళ్ల మీదకు వచ్చేసింది.

అప్పుడు ఆయన ప్రార్థన చేశారు. ప్రార్థనలో ఆయన ఎప్పుడూ పుస్తకాల తెలుగు మాట్లాడతారు. ఈ రోజు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు.

"ప్రభువా, ఈ తేదీ నేను నిన్నడిగి పెట్టల్యా. ఫోను చూసి పెట్టినా. నువ్వుండావో లేవో నాకు శానా దినాల నుంచి తెలుస్తల్యా. వీళ్లు మాత్రం ఉండారు. వీళ్ల పత్తి ఎండిపోతాండాది. ఇంతకు మించి నాకు చెప్పేకి రాదు."

"ఆమెన్" అన్నారు అందరూ. అలవాటు కదా, గట్టిగానే అన్నారు. అన్నాక కళ్లు తెరిచి, దేనికి ఆమెన్ అన్నామా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

దాసన్న గొంతు సవరించుకున్నాడు. "ప్రార్థన బాగుండాది అయ్యగారూ. కొంచెం పొట్టిగా ఉండాది."

అందరూ తుండుగుడ్డలు దులుపుకుని ఇళ్లకు పోయారు. పక్క చేలో నరసింహ వాళ్లు కప్పను కింద వదిలేశారు. ఎటు పోవాలో తెలియక అది కాసేపు అక్కడే కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి నాగజ్యోతి ఫోను. "మేడమ్, మీరు పంపిన అధ్యాయాల ప్రూఫులు ఈ పొద్దు పంపలేను. కడపలో ఒకటే వాన. మధ్యాహ్నం నుంచి ఎట్ల పడ్తాందంటే, మా ప్రెస్సులోకి నీళ్లొచ్చినాయి."

ఫోను పెట్టేసి వాతావరణం బొమ్మ తెరిచాను. నల్ల మబ్బు, చినుకులు. పైన, చిన్న అక్షరాల్లో, కడప. ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దడానికి కడప వెళ్లినప్పుడు పెట్టుకున్న ఊరు. మార్చలేదు. వాన చెప్పిన రోజే వచ్చింది, చెప్పిన వేళకే వచ్చింది, చెప్పిన ఊరికే వచ్చింది. ఊరు పేరు నేను చదవలేదు. జవాబు పక్కన యూనిట్లు రాయలేదని పిల్లలకు మార్కులు కోసే టీచర్ని నేను.

ఆయనకు చెప్పలేదు. ఆయన వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆగస్టు 18

చెప్పాను. వరండాలో కూర్చుని ఉంటే ఫోను ఆయన చేతిలో పెట్టి, ఆ చిన్న అక్షరాలు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. తీసి మళ్లీ పెట్టుకుని చదివారు.

"అంటే పడినాదా?"

"పడింది. ఒంటిమిట్టలో కూడా పడిందట."

"నువ్వు రాసిన అడ్రసుకే పోయినాది" అన్నారు. నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు నేను చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. నాకు కూడా నవ్వు ఆగలేదు. కాసేపటికి నేను ఆపాను, ఆయన ఆపలేదు. ఆ తర్వాత చూస్తే అది నవ్వు కాదు. భుజాలు కదిలిపోతున్నాయి. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఎన్నాళ్లుగా ఈ మనిషి ఇది ఒక్కడే మోస్తున్నాడో, నేను పప్పు చల్లారుతుందని రాసుకుంటూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 19

సాయంత్రం దాసన్న వచ్చాడు, విశ్వాసమ్మ వచ్చింది, మిగతా పెద్దలు వచ్చారు. వాళ్లు నోరు తెరవక ముందే ఆయన చెప్పేశారు. "నేనే పోతాను దాసన్నా. డయాసిస్‌కు చెప్పండి, వేరే అయ్యగారిని పంపిస్తారు."

"మాట్లాడుకున్నాము అయ్యగారూ" అన్నాడు దాసన్న. "కప్పతో గూడ వాన రాల్యా. నరసింహప్పోళ్లు కప్ప పని అయిపోయిందని యాడన్నా అంటాండారా? మళ్లేడు అదే కప్పను తెస్తారు. మనం మాత్రం అయ్యగార్ని ఎందుకు మార్చల్ల?"

మిగతా పెద్దలు ఇది న్యాయమేనని తలలూపారు.

"చేన్లో నేనేమన్నానో విన్నావు గదా? నమ్మకం ల్యాకుండా నేనెట్ల ప్రార్థన చెయ్యల్ల?"

"అది మీరూ ప్రభువూ కూర్చుని తేల్చుకోండి అయ్యగారూ. మధ్యలో మేమెవరు? ఆదివారం యాళకు చర్చి తెరవండి, సాలు."

పోయేటప్పుడు విశ్వాసమ్మ, తెచ్చిన వంకాయలు గుమ్మం పక్కన పెట్టి పోయింది.

వాళ్లు వెళ్లాక ఆయన వంకాయలు లోపలికి తెచ్చి పెట్టారు. తర్వాత అడిగారు, "నీకు నమ్మకం ల్యా గదా, ఒక్క ఆదివారం గూడ మానకుండా ఎందుకొస్తావు?"

"మీకుందని."

"నాకు ఎప్పటి నుంచో సన్నబడతాండాది. అట్లయినప్పుడల్లా రెండో వరస చూస్తాంటి. నమ్మని మనిషే వచ్చి కూర్చుంటాండాది, అయితే ఈడ ఏదో ఉండాదిలే అనుకుంటాంటి. దాంతోనే నెట్టుకొస్తి."

ఇద్దరికీ సరిపోతుందని చెప్పిన మనిషి ఇన్నేళ్లూ నా వైపు చూసే తెచ్చుకున్నాడు. నేనేమో ఆయన వైపు చూసి. రెండు గడియారాలు ఒకదాన్ని చూసి ఒకటి సరిచేసుకుంటూ ఉంటే టైమెంతయిందో ఎవరికి తెలుస్తుంది? చెప్పాను ఆయనకు. "రెండూ నడుస్తాండె గదా" అన్నారు.

"రేపు వస్తావా?" అని అడిగారు.

"మీరు ప్రసంగం చెబుతారా?"

"తెలీదు."

"అయితే వస్తాను" అన్నాను.

ఆగస్టు 20, ఆదివారం

ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. చర్చి నిండిపోయింది. మామూలుగా రానివాళ్లు కూడా వచ్చారు, అయ్యగారు ఏం మాట్లాడతారో విందామని.

ఆయన ప్రసంగం చెప్పలేదు. పాతది కూడా చెప్పలేదు. ఎవరి చేలో ఏం మిగిలిందో ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు. వాళ్లు కూర్చున్న చోట నుంచే చెప్పారు. దాసన్న పత్తి సగం పోయింది. విశ్వాసమ్మకు వంకాయ మడి తప్ప ఇంకేమీ లేదు. ఇదంతా అయ్యేసరికి ఎప్పటికంటే ఆలస్యమైంది, ఎవరూ లేవలేదు.

చివర్లో ప్రార్థనకు అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఆయన మెల్లగా మాట్లాడుతున్నారు, ఇంటి తెలుగులోనే. ఆ వంగిన తలలన్నిటి మీద నుంచి ఆయన నన్ను చూస్తున్నారు. నేను ఆయనను చూస్తున్నాను. ఇద్దరమూ కళ్లు మూయలేదు. ఆమెన్ మాత్రం అందరితో పాటే అన్నాం.